చేతులు కడగకముందు

విచారణ సంఘం బల్ల మీద పెట్టిన నోటు పుస్తకం అట్టంతా మసి. కాగితాల అంచుల నిండా వేలిముద్రలు. సంఘం అధ్యక్షుడు దాన్ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోక పట్టి లేపినట్టు లేపి, గుర్తు పెట్టిన పేజీ తెరిచాడు.

“ఇది మీ చేతిరాతేనా, మిస్టర్ సంపా?”

“నాదేనండీ.”

“చదువుతాను, వినండి. ‘చేసింది: పొయ్యి మూత మీద కర్రపెండలం దుంపలు పెట్టాను. తుక్కు పెట్టాల్సిన చోటు అది. చూడనిది: లోపల వేసేముందు పైపు వేడెక్కిందో లేదో చూడలేదు.’ ఇవి మీ మాటలేగా?”

“నావేనండీ. కింద ఇంకా ఉంది.”

“మాకు ఇది చాలు. అంటే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టేగా?”

లాజరో సంపా కుడిచేతికి కట్టు ఉంది. ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

“ఒప్పుకోలేదండీ. రాసుకున్నాను.”

“రెండిటికీ తేడా ఏమిటి?”

ఆయన సాక్షుల బెంచీ వైపు చూశాడు. ఆ తేడా ఏమిటో చెప్పగలిగినవాడు ఆ గదిలో ఇంకొకడు ఉన్నాడు. పేరు లోంబే. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థి, తరగతిలో మొదటివాడు. అతను అప్పుడు కిటికీ ఊచలు లెక్కపెడుతున్నాడు. తొమ్మిది ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిదే.

పావుగంటలో ముగించారు. పద్నాలుగేళ్లుగా కాలేజీలో లోహం కరిగించి పోసే పోతశాల తాళంచెవి మెడలో వేసుకు తిరిగిన మనిషి దాన్ని తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

కాలేజీలో ఆయన్ని సంపా అని పిలిచేవాడు డాక్టర్ సికాజ్వే ఒక్కడే. ఆయన శాఖాధిపతి. లాజరో కంటే పదేళ్లు చిన్న, అయినా ‘నువ్వు’ అనేవాడు. మిగతా అందరికీ లాజరో బాషి కసూబా, అంటే కసూబా వాళ్ల నాన్న. కూతురు పుట్టాక కూడా మనిషిని సొంత పేరు పెట్టి పిలిస్తే రాగి గనుల ఊరు కిట్వేలో తలెత్తి చూస్తారు.

బాషి కసూబా చదివింది ఏడో తరగతి. ఇరవై రెండేళ్లు గనివాళ్ల రాగి కరిగించే కొలిమిలో పనిచేశాడు. గని చేతులు మారి మనుషుల్ని తీసేసినప్పుడు కాలేజీ పోతశాలలో చేరాడు. ఊడ్చే పనికని తీసుకున్నారు. ఒకరోజు మాస్టారు రాకపోతే పిల్లలకి ఇసుక అచ్చు ఎలా కట్టాలో ఈయనే చూపించాడు. ఆ మర్నాటి నుంచి మాస్టారు తరచూ రావడం మానేశాడు. అలా చీపురు పక్కన పెట్టకుండానే ఈయన టెక్నీషియన్ అయ్యాడు.

ఆయన పోతశాలలో ఒక్క నియమం ఉండేది. పని అయిపోగానే ఎవరూ కుళాయి దగ్గరికి వెళ్లకూడదు. ఇసుక పెట్టె మీద పరిచిన చెక్క మీద వరసగా కూర్చోవాలి. మసి చేతులతోనే పుస్తకం తెరిచి మూడు వరసలు రాయాలి. ఒకటి, చేసింది. రెండు, చూడనిది. మూడు, మళ్లీ అయితే. రాశాకే సబ్బు. కుళాయి పైన గోడ మీద బొగ్గుతో ‘లంగులూకా’ అని రాసి ఉండేది. బెంబా భాషలో ఆ మాటకి అర్థం మళ్లీ తలచి చూడు అని. పెద్దవాళ్లు పంచాయితీల్లో తొందరపడేవాణ్ణి ఆపడానికి అంటారు. ఆయన దాన్ని కుళాయి మీద పెట్టాడు.

లోంబే మొదటిసారి పోసిన కప్పీ చక్రం నిండా బుడగలు వచ్చాయి. జొన్నరొట్టెలా ఉందని అందరూ నవ్వారు. అతను పుస్తకంలో రాశాడు: ‘చూడనిది: ఇసుక బాగాలేదు.’

బాషి కసూబా ఆ వరస చదివి పుస్తకం వెనక్కి ఇచ్చేశాడు.

“ఇసుక తన సంగతి తన పుస్తకంలో రాసుకుంటుంది. నువ్వు నీది రాయి బాబూ.”

“నేనేం చేశానండీ? మీరు చెప్పినట్టే చేశాను.”

“నీళ్లు ఎన్నిసార్లు చల్లావ్?”

లోంబే చక్రాన్ని తిప్పి తిప్పి చూశాడు.

“ఓరి కోతులు తినేవాడా, రెండుసార్లు చల్లావుగా, నేను చూశా,” అంది పక్కనున్న తియోంగే. తియోంగే చిపాటా ఊరి పిల్ల, న్గోని జాతి. లోంబే బెంబా. ఈ రెండు జాతులవాళ్లు ఒకరినొకరు ఏమన్నా ఎవరూ కోపగించుకోకూడదు. అది ముత్తాతల నాటి ఏర్పాటు.

“ఎలుకలు కాల్చుకు తినేదానివి, నీకెందుకే మా సంగతి?”

“ఎలకయినా నీ చక్రం కంటే నున్నగా ఉంటుందిలే.”

లోంబే చివరికి రాశాడు: ‘మొదటిసారి నీళ్లు చాలాయో లేదో తెలియలేదు. అడిగితే నాకు రాదనుకుంటారని అడగకుండా రెండోసారి చల్లాను.’ ఆ మాటలు రాయడానికి అతనికి అరగంట పట్టింది. తర్వాత వారం పోసిన చక్రం అద్దంలా వచ్చింది. అప్పటివరకూ పరీక్షల్లో నూటికి తొంభై తెచ్చుకున్న ఏ పాఠమూ అతని ఒంట్లోకి అలా దిగలేదు. ఆ రెండు వాక్యాలు దిగాయి.

ఒకసారి తియోంగే అడిగింది, “బాషీ, చేతులు కడుక్కుని రాస్తే ఏం పోయింది? పుస్తకం శుభ్రంగా ఉంటుంది కదా.”

“పుస్తకం శుభ్రంగానే ఉంటుందమ్మా. నిజమే ఉండదు.”

ఆ రోజు జల్లెడ పడుతూ చెప్పాడు, ఎవరి మొహమూ చూడకుండా. “గనిలో మా జట్టులో ఒకడు పోయాడు. పైన కరిగిన రాగి గరిటె ఊగుతోందని వాడికి చెప్పాల్సినవాళ్లం చెప్పలేదు. పదకొండు మందిమి. అందరం స్నానాల గదికెళ్లాం. సబ్బు ఒకటే. చేతులు మారింది. దాంతోపాటు మాట కూడా చేతులు మారింది. బయటికొచ్చేసరికి పదకొండు మందిదీ ఒకటే కథ, తప్పు పోయినవాడిదే. నేనూ అదే చెప్పాను. వాడి భార్య వచ్చి, నా మొగుణ్ణి మోసుకొచ్చారు, దేవుడు మీకు మేలు చెయ్యాలి అని నా చేతులు పట్టుకుంది.” జల్లెడలో మిగిలిన గులకరాళ్లు పక్కన పోశాడు. “తెల్లగా కడుక్కున్న చేతులమ్మా.”

ఆ తర్వాత ఎవరూ నియమం గురించి అడగలేదు.

నవంబరులో మొదటి వాన పడిన మర్నాడు కాలేజీని తనిఖీ చెయ్యడానికి రాజధాని నుంచి అయిదుగురు వస్తున్నారన్నారు. డాక్టర్ సికాజ్వే ముందురోజే మనుషుల్ని పెట్టి పోతశాల గోడలకి సున్నం కొట్టించాడు. కుళాయి మీది మాట సున్నం కిందికి పోయింది.

“పదకొండింటికి వస్తారు సంపా. వాళ్లు చూస్తుండగా లోహం పొయ్యాలి. అర్థమైందా?”

“తుక్కు తడిసింది సార్. రాత్రి వానకి రేకు ఎగిరిపోయింది. ఆరబెట్టి, మూత మీద వేడిచేసి వెయ్యాలి. మధ్యాహ్నమవుద్ది.”

“పదకొండు అన్నాను.”

సత్తు తుక్కు ఎప్పుడూ ముందు పొయ్యి మూత మీద పరచాలి. ఉమ్మితే చుర్రుమనేదాకా ఉంచాలి. తడి తుక్కు కరిగిన లోహంలో పడితే నీళ్లు ఒక్క రెప్పపాటులో ఆవిరై లోహాన్ని తుపాకీలా ఎగజిమ్ముతాయి. ఇది మొదటి రోజు పాఠం. పిల్లలందరికీ వచ్చు.

ఆ ఉదయం మూత మీద సగం తుక్కు ఉంది, సగం కర్రపెండలం దుంపలు. హాస్టల్లో రెండు రోజులుగా వంట లేదు. పిల్లలు ఖాళీ కడుపుతో పొయ్యి దగ్గర నిలబడితే కళ్లు తిరుగుతాయని బాషి కసూబా ఇంటి నుంచి దుంపలు తెచ్చి కాల్చడానికి పెట్టాడు. కాగితంలో వేరుశనగలు కూడా కట్టుకొచ్చాడు.

పదిన్నరకే అతిథులు వచ్చేశారు. పోతశాలలో ముఖ కవచాలు అయిదే ఉన్నాయి. అతిథులూ అయిదుగురే. డాక్టర్ సికాజ్వే పిల్లల తలల మీది నుంచి అవి తీయించి అతిథులకి తొడిగించాడు. నవ్వుతూ, ఒక్కొక్కరికీ తన చేత్తో పట్టీ బిగించాడు.

పొయ్యి దగ్గర లోంబే. లోహం కరిగే మూసలో తేలిన చిట్టెం తీస్తూ తియోంగే. బాషి కసూబా అవతల అచ్చు పెట్టెలు సరిచేస్తున్నాడు.

“లోంబే, మూస నింపు, చూస్తారు,” అన్నాడు డాక్టర్.

మూత మీద వేడెక్కిన తుక్కు అప్పటికే అయిపోయింది. కింద చల్లటిది ఉంది. లోంబే వంగి ఒక పైపు ముక్క తీశాడు, ఏదో మంచం కాలు, ఒక చివర నొక్కుకుపోయి ఉంది. ఎత్తినప్పుడు మణికట్టు మీద ఒక నీటి చుక్క పడింది. చల్లగా. అతను దాన్ని చూశాడు. కవచాల్లోంచి అయిదు మొహాలు తనని చూస్తున్నాయి. పైపుని మూసలో వేశాడు.

పోతశాల రేకుల మీద నెలల తరబడి ఆ పేలుడు గుర్తులు సత్తు చుక్కలుగా అంటుకుని ఉండిపోయాయి. అతిథులకి ఏమీ కాలేదు. బాషి కసూబా అడ్డంగా దూకి తియోంగేని లాగబోయాడు, కుడిచెయ్యి కాలింది. తియోంగే ఎడమ కన్ను పోయింది.

ఆమెని బండి ఎక్కించి పంపాక ఆయన తిరిగొచ్చి చెక్క మీద కూర్చున్నాడు. కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని, ఎడమచేత్తో పుస్తకం తెరిచాడు. పిల్లలు నిలబడే ఉన్నారు.

“కూర్చోండి. రాయండి.”

“ఇప్పుడా, బాషీ?” అన్నాడు ఒకడు.

“ఇప్పుడే.”

అందరూ రాశారు. లోంబే కూడా రాశాడు. ‘చేసింది: తడి పైపు వేశాను. చూడనిది: చూడనిది ఏమీ లేదు. నీళ్లు మణికట్టు మీద పడ్డాయి. చూశాను. వేశాను.’ మూడో వరసలో ‘మళ్లీ అయితే’ అని రాసి ఆగిపోయాడు.

మర్నాడు డాక్టర్ సికాజ్వే తన గదిలో పిల్లలందరికీ కొత్త పుస్తకాలు ఇచ్చాడు. గదిలో పంకా తిరుగుతోంది, టీ తెప్పించాడు.

“ఇవి ఫైల్లోకి వెళ్తాయి. ఆ మురికి పుస్తకాలు ఎవరికి చూపిస్తాం? నీటుగా తిరగరాయండి. అవసరమైనంతవరకే. పిచ్చి పిచ్చి బాధలన్నీ పెట్టకండి.” లోంబే భుజం మీద చెయ్యి వేశాడు. “నీ గురించి పై వాళ్లతో మాట్లాడాను. చదువు అవగానే ఇక్కడే ఉద్యోగం. పొయ్యిలో వేసే తుక్కు సిద్ధం చెయ్యాల్సింది ఎవరు, నువ్వా, టెక్నీషియనా?”

“టెక్నీషియనే సార్.”

“అది నిజమేగా? నిజమే రాయి.”

లోంబే తండ్రి గనిలో పని పోయి నాలుగేళ్లుగా ఇంటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అతను రాశాడు: ‘తుక్కును సిద్ధం చేసే బాధ్యత టెక్నీషియన్‌ది.’ అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పాత పుస్తకంలోంచి మసి పేజీని మాత్రం బ్లేడుతో కోసి మడిచి దాచుకున్నాడు. ఎందుకు దాచాడో అప్పుడు అతనికీ తెలియదు.

బాషి కసూబా దగ్గరికి కొత్త పుస్తకం ఎవరూ పంపలేదు. ఆయన రాసింది అలాగే ఉంచారు. అది వాళ్లకి సరిగ్గా సరిపోయింది.

విద్యార్థులందరి పుస్తకాలూ తెల్లగా, ఒక్క మనిషిది నల్లగా. విచారణ సంఘానికి అంతకంటే ఏం కావాలి.

ఆ తర్వాత ఆరేళ్లు గడిచాయి. లోంబే అదే కాలేజీలో పాఠాలు చెప్పేవాడయ్యాడు. పోతశాలకి తాళం పడింది, ప్రమాదకరమని. పోత పాఠం ఇప్పుడు తెర మీద బొమ్మల్లో చూపిస్తారు. మూడు వరసలు మాత్రం పోలేదు. డాక్టర్ సికాజ్వే వాటిని అచ్చు వేయించిన కాగితం చేశాడు. ఇంకోటి కలిపి గళ్లు నాలుగు, కింద సంతకం చోటు, పది మార్కులు. దాని గురించి ఎక్కడో సభలో మాట్లాడి బహుమతిగా చెక్క పలక ఒకటి తెచ్చుకుని గోడకి తగిలించాడు. పిల్లలు ముప్పై వారాల కాగితాలు ఆఖరి సాయంత్రం హాస్టల్ మెస్సులో కూర్చుని ఒకరిది చూసి ఒకరు నింపుతారు. ‘ఈ ప్రయోగం ద్వారా నేను ఎంతో నేర్చుకున్నాను.’ అందరిదీ ఒకటే వాక్యం. స్నానాల గదిలోంచి ఒకటే కథతో బయటికొచ్చిన పదకొండు మంది లోంబేకి గుర్తొచ్చేవారు. అయినా ఎర్రసిరాతో పదికి ఎనిమిది వేసేవాడు. తొమ్మిది వేస్తే డాక్టర్ ఎందుకని అడుగుతాడు, ఏడు వేస్తే పిల్లలు అడుగుతారు.

బాషి కసూబా మిండోలో పేటలో ఇంటి వెనక గొయ్యి తవ్వి సత్తు కుండలు పోసేవాడు. కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకుపోయాయి. కూతురు కసూబా ఆ కుండల్ని గోనెసంచీ మీద పరిచి సంతలో అమ్మేది. లోంబే ఆ సంతకి వెళ్లేవాడు కాదు. కూరగాయలకి ఇంకో సంత దాకా నడిచేవాడు. ఒకసారి తన ఇంట్లోనే, తల్లి కొన్న కుండని తిరగేసి చూశాడు. అడుగు నున్నగా ఉంది, ఎక్కడా బుడగ లేదు. అందులో వండిన మొక్కజొన్న సంకటి, న్షిమా, ఆ రోజు అతను తినలేదు.

ఆరో ఏడు సెప్టెంబరులో ఎవరో చెప్పారు, ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయని, గని దుమ్మని. అప్పుడు వెళ్లాడు, ఒక్కసారి. ఆ సంగతి తర్వాత. ఆ రోజు అతను ఆయనకి ఒక మాట ఇచ్చాడు. సోమవారం ప్రిన్సిపాల్‌ని కలిసి అంతా చెప్తానని. సోమవారం వచ్చింది. ఉద్యోగం ఖాయం చేసే కాగితం డాక్టర్ సికాజ్వే బల్ల మీద ఉందని, రెండు వారాల్లో సంతకం అవుతుందని గుమాస్తా చెప్పాడు. రెండు వారాలేగా అనుకున్నాడు లోంబే. అయిదో వారంలో బాషి కసూబా పోయాడు.

సమాధి దగ్గరికి తియోంగే చిపాటా నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. తలగుడ్డని ఎడమ కంటి మీదికి కట్టుకుంది. న్గోని మనిషి కాబట్టి బెంబా శవం దగ్గర పరాచికాలాడే హక్కు ఆమెది, అందరూ దానికోసమే చూస్తున్నారు. మట్టి గుట్ట మీదికి ఎక్కి నిలబడింది.

“లే ముసలోడా, పని తప్పించుకోవడానికి పడుకున్నావా? కోతిమాంసం ఎక్కువ తింటే ఇలాగే నిద్రొస్తుంది.” ఏడుస్తున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. మగవాళ్లు పారలు పట్టారు. మట్టి పూడ్చాక బకెట్టుతో నీళ్లు తెచ్చి పెట్టారు. తియోంగే బకెట్టుకి అడ్డం నిలబడింది.

“ఆగండి. ఈయన దగ్గర చేతులు కడుక్కోకూడదు. ముందు రాయాలి. ఒక్కొక్కరూ ఈయనకి ఏం చేశారో రాసి అప్పుడు నీళ్లు ముట్టుకోండి.”

జనం పగలబడి నవ్వారు. ఆమె చూపు గుంపులో తిరిగి లోంబే దగ్గర ఆగింది.

“ఇతను మాత్రం కడుక్కోవచ్చు. ఇతనికి అలవాటే.”

అప్పుడూ నవ్వారు. లోంబే కూడా నవ్వాలి, నవ్వకపోతే ఆచారం తప్పినట్టు. నవ్వాడు.

జనం పలచబడ్డాక ఆమె పక్కకి వచ్చింది.

“నీటి చుక్క నేను చూశాను లోంబే. అప్పటికి నాకు రెండు కళ్లూ ఉన్నాయి.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“ఎవరడిగారు? విచారణ అవుతుంటే నేను ఆసుపత్రిలో గోడ వైపు తిరిగి పడుకున్నా. బాషి వచ్చాడు. చెప్దామని నోరు తెరిచా. నువ్వు చెప్పొద్దమ్మా, అది అతని పేజీ, అతన్నే రాయనీ అన్నాడు.” తలగుడ్డ సర్దుకుంది. “ఆరేళ్లు చూశాడు. నాకైతే అంత ఓపిక లేదు.”

మూడో రోజు లోంబే ప్రిన్సిపాల్ గదిలో మసి పేజీ బల్ల మీద పెట్టి ఉన్నదంతా చెప్పాడు. ప్రిన్సిపాల్ కొత్తమనిషి, మంచివాడే. పాత ఫైలు తెప్పించాడు. అందులో బాషి కసూబా నల్ల పుస్తకం ఉంది. విచారణలో చదవని భాగాన్ని లోంబే మొదటిసారి చదివాడు.

‘ముఖ కవచాలు చుట్టాలకి తీసి ఇస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. మళ్లీ అయితే: కవచం లేని పిల్లని పొయ్యి దగ్గర నిలబెట్టను, పెద్దవాళ్లు ఎవరున్నా సరే. లోంబేని ఒక్కణ్ణి వదలను. నలుగురు చూస్తుంటే ఆ కుర్రాడు కంగారు పడతాడు. నాకు తెలుసు, తెలిసీ అవతలికెళ్లాను.’

ఎడమచేత్తో రాసిన అక్షరాలు. చిన్నపిల్లవాడి రాతలా పెద్దగా, వంకరగా ఉన్నాయి.

“ఇప్పుడేం చెయ్యమంటావ్ నన్ను?” అన్నాడు ప్రిన్సిపాల్. “మనిషే లేడు. వచ్చేవారం డాక్టర్ సికాజ్వే పదవీ విరమణ సభ. అది కానీ, తర్వాత ఆలోచిద్దాం.” మసి పేజీని పారదర్శకమైన కవరులో పెట్టి, మరక అంటకుండా జాగ్రత్తగా ఫైల్లోకి జరిపాడు. కవరులోంచి మూడో వరస కనిపిస్తోంది. ‘మళ్లీ అయితే’ తర్వాత ఇంకా ఖాళీయే.

సెప్టెంబరులో బాషి కసూబాని చివరిసారి కలిసినప్పుడు కూడా అది ఖాళీగానే ఉంది.

అది శనివారం మధ్యాహ్నం. బాషి కసూబా రేకు చూరు కింద, చల్లారిన గొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా లోపల మనిషి సగం లేడు. లోంబేని చూసి లేవబోయి దగ్గొచ్చి కూర్చుండిపోయాడు.

“రా బాబూ. మాస్టారివయ్యావటగా. పిల్లలు మాట వింటున్నారా?”

“వింటున్నారండీ.”

“అయితే నువ్వు సరిగా చెప్పట్లేదు,” అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది.

లోంబే వచ్చేటప్పుడు ఎన్నో మాటలు కట్టుకొచ్చాడు. వాటి బదులు జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. ఆయన దారం కట్టిన కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం ఎండ వైపు పట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. మణికట్టు దగ్గరికి వచ్చి ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. బొటనవేలు లోంబే పాత మసి వేలిముద్ర మీద ఆనించి చూశాడు.

“మంచి పేజీ,” అన్నాడు. “నా దగ్గర రాసినవాటిల్లో ఇదే మంచిది.”

లోంబే తల వంచుకున్నాడు. “తప్పు మీ మీద పెట్టారండీ. నేను పెట్టాను.”

“దుంపలు పెట్టింది నేనేలే. అది నా పేజీ. దాని గురించి నువ్వు బాధపడకు.” కాగితం వెనక్కి ఇచ్చాడు. “మూడోది రాయలేదేం?”

“మళ్లీ ఎక్కడిదండీ? పోతశాల లేదు. ఆ అమ్మాయి కన్ను రాదు. మీ పని రాదు. ఇంకేం రాయను?”

ముసలాయన గొయ్యి అంచున ఎండిన మట్టిని వేలితో గిల్లుతూ ఉండిపోయాడు. లోంబే గబగబా అన్నాడు, “సోమవారం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తానండీ. అంతా చెప్తాను. మీ పేరు సరిచేయిస్తాను. తప్పకుండా వెళ్తాను.”

ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడే చాలా శుభ్రంగా ఉందని అతనికే అనిపించింది.

లోపలి నుంచి కసూబా వచ్చింది. సత్తు గిన్నెలో న్షిమా, ఎండుచేపల కూర తెచ్చి మధ్యలో పెట్టింది. మళ్లీ వెళ్లి బేసిను, చెంబు తెచ్చి, అతిథి కాబట్టి ముందు లోంబే ఎదుట మోకాళ్ల మీద వంగింది. అతను చేతులు చాచాడు. చెంబు వంచబోతోంది.

“ఆ నీళ్లు ఆపమ్మా,” అన్నాడు బాషి కసూబా. “ఇతను ఇంకా రాయలేదు.”